గుర్రానికి సోలో రన్

బావమరిది నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను దువ్వాడ దగ్గరి మా వర్క్‌షాపులో ఒక పెద్ద ఫ్యాను పక్కన నిలబడి ఉన్నాను. బేరింగు మీద పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, దాని పిడిని ఎడమ చెవికి పెట్టుకొని, తల వాల్చి వింటున్నాను. లోపల ఏదో ఒక గోళీ అరిగి ఉంది. వేల రూపాయల పరికరాలు మా దగ్గర ఉన్నాయి. అయినా మొదట చెవితో వినకపోతే నాకు తృప్తి ఉండదు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. తిరిగే యంత్రాలలో ఏ పక్క ఎంత బరువు ఎక్కువైందో కనిపెట్టి సరిచేస్తాను. మనిషి ఎత్తు ఫ్యానులో ఒక పక్క గుప్పెడు దుమ్ము పేరుకుంటే చాలు, దాని కింద ఉన్న కాంక్రీటు దిమ్మ కూడా వణుకుతుంది. ఆ గుప్పెడు ఎక్కడుందో చెప్పగలగడమే నా జీవనోపాధి, నా గర్వం, మా ఆవిడ అభిప్రాయంలో నా రోగం.

"బావా, నువ్వు బ్యాలెన్సింగే కదా సేత్తావు?" అన్నాడు బావమరిది.

"అవును."

"మా దగ్గిరొకటుంది. ఎడం పక్కకి తిప్పితే పడిపోతంది."

"ఎంత స్పీడు? ఆర్‌పీఎం చెప్పు."

"గుర్రం బావా," అన్నాడు.

అతనికి గుర్రం ఎందుకుందో చెప్పాలి. మధురవాడ ఐటీ ఆఫీసులకు క్యాబులు నడిపేవాడు. ఉద్యోగులంతా ఇళ్ళ నుంచే పని చేయడం మొదలుపెట్టినప్పుడు క్యాబులు మూలపడ్డాయి. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్ళకు ఆదివారం ఇంకేదైనా మీద కూర్చోవాలనిపిస్తుందని అతనికి తోచింది. మధురవాడ దాటాక ఒక కొండ వాలుకూ, ఒక కల్యాణ మండపానికీ మధ్య ఖాళీ స్థలం తీసుకొని, రేకుల షెడ్డు వేసి, ముందు గుండ్రంగా ఇసుక పోయించి, దానికి రింగు అని పేరు పెట్టాడు. మూడు గుర్రాలు తెచ్చాడు. రెండు బీచిలో పిల్లల్ని తిప్పి తిప్పి రిటైరైనవి. వాటిని పరిగెత్తించడం ఎవరివల్లా కాదు. అవి ఆ దశ దాటిపోయాయి. మూడోది ఆడ గుర్రం. వన్ టౌన్‌లో పెళ్లి ఊరేగింపుల్లో పెళ్లికొడుకుల్ని మోసినది. వయసులో ఉంది, తెల్లగా ఉంది, పరిగెత్తడానికి సిద్ధంగా ఉంది. ఎడమకు తిరగడం తప్ప.

ఇక నన్నెందుకు పిలిచాడో చెప్పాలి. చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీలో మూడేళ్ళు గుర్రపు స్వారీ చేశాను. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు మా నాన్న నా ఉద్యోగం సంగతి అయ్యాక, ఇంకేం చెప్పాలో తోచక ఆ ముక్క కూడా వేశాడు. అత్తవారింట ఎవరూ దాన్ని మరిచిపోలేదు. అరవై ఒక్క కిలోల బరువు, స్వారీ అనుభవం, బ్యాలెన్సింగ్ వృత్తి: ఈ మూడూ ఒకే మనిషిలో ఉండడం దేవుడి పథకమని బావమరిది నమ్మాడు. వాళ్ళది వ్యవసాయ కుటుంబం. ఎద్దుల గురించి అడిగితే ఎవరైనా చెబుతారు. గుర్రం దగ్గరికి వచ్చేసరికి అల్లుడే దిక్కు.

ఆ ఆదివారం ఉదయం ఊరికి ఈ చివర నుంచి ఆ చివరికి బైకు మీద వెళ్ళాను. బావమరిది చెవికీ కుడి భుజానికీ మధ్య ఫోను ఇరికించుకొని ఎవరితోనో మాట్లాడుతూ, ఖాళీగా ఉన్న రెండు చేతులతో నాకు గుర్రాన్నీ, దాని పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన్నీ చూపించాడు. పెద్దాయన గుర్రంతో పాటు వచ్చినవాడు. దాన్ని తోమేది, తినిపించేది, ఊరేగింపులో కళ్ళెం పట్టుకొని నడిచింది ఆయనే. ముప్ఫై ఏళ్ళు బాజా భజంత్రీల పక్కన నడవడం వల్ల రెండు చెవులూ దాదాపు పోయాయి. ఎదుటివాడు రెండడుగుల దూరంలో ఉన్నా ఊరేగింపు చివరివాడికి చెబుతున్నట్టే మాట్లాడేవాడు.

"అల్లుడు బాబేనా!" అని అరిచాడు నన్ను చూసి. "రండి బాబూ!"

ఫోను ముగించాక బావమరిది విషయం చెప్పాడు. వేసవి సెలవులు అయ్యాక కొత్త బ్యాచి మొదలవుతుంది. నడక, ట్రాటు అంటే నడకకు కాస్త పైన ఉండే కుదుపు నడక, బీచి గుర్రాల మీద నేర్పవచ్చు. దాని తర్వాతది క్యాంటరు, అంటే దౌడుకు ముందు ఉండే ఊగే పరుగు. దానికి ఈ గుర్రమే ఉంది. ఎడమకు మూడు రౌండ్లు తడబడకుండా క్యాంటరు చేస్తే ఉంటుంది. లేకపోతే తిరిగి వన్ టౌన్ పెళ్లిళ్ళకే పంపేస్తాడు.

"పడిపోయే గుర్రం మీద జనాల్ని ఎక్కించలేను కదా బావా," అన్నాడు. అతనిది తప్పని నేను అనలేను.

పెద్దాయనకు ఈ మాటలు వినిపించలేదు, ముందే తెలుసు. నన్ను పక్కకు తీసుకెళ్ళి గుర్రం ముందు కాళ్ళు చూపించాడు. రెండు మోకాళ్ళ మీదా వెంట్రుకలు మొలవని మచ్చలున్నాయి.

"వన్ టౌన్ సందులో బాబూ. ఎవుడో తాగుబోతు సీమటపాకాయల దండ దీని కాళ్ళ మజ్జిని ఒగ్గీసినాడు. మోకాళ్ళ మీద పడిపోనాది. పైన పెళ్లికొడుకు. పెళ్లికొడుకుని ఊరంతా వొచ్చి లేపినారు. దీన్ని నానొక్కడినే లేపినాను." గుర్రం మెడ మీద చెయ్యి వేసి, "అయిదు నిమిసాలకి మల్లీ బాజా మొదలెట్టీసినారు," అన్నాడు. "ఇంక అక్కడికి దీన్ని తోలుకెల్లలేను. అలగని దీన్ని ఒగ్గీసి నాను ఇంకెక్కడికీ ఎల్లలేను."

ఇంతకంటే స్పష్టంగా నాకు ఏ కస్టమరూ సమస్య చెప్పలేదు.

క్యాంటరులో మూడు చప్పుళ్ళుంటాయి, ఆ తర్వాత ఒక ఖాళీ. ఎడమకు తిరిగేటప్పుడు మొదట వెనక కుడి కాలు పడుతుంది. తర్వాత వెనక ఎడమ కాలు, ముందు కుడి కాలు కలిసి పడతాయి. చివర ముందు ఎడమ కాలు. ఆపైన ఒక్క క్షణం నాలుగు కాళ్ళూ గాలిలో ఉంటాయి. మళ్ళీ మొదలు. మా గుర్రం మూడో చప్పుడు దగ్గర ఎడమ భుజాన్ని లోపలికి పడేసేది. రౌండు చిన్నదైపోయేది. స్టాండు తీయడం మరిచిపోయిన స్కూటరు మలుపులో వాలినట్టు వాలి, ముందు కాళ్ళు తడబడి, ట్రాటులోకి దిగిపోయేది. నిజానికి ఒక్కసారి కూడా పడలేదు. పడుతుందేమోనని ప్రతిసారీ అనిపించేది. యంత్రాల భాషలో దీన్ని ఆవృత్త దోషం అంటాం. ప్రతి చుట్టుకూ అదే చోట, అదే మోతాదులో వచ్చే దోషం. నాకు ప్రాణం లేచి వచ్చింది. అడపాదడపా వచ్చే దోషాలే భయం; క్రమశిక్షణ ఉన్న దోషం నా చేతిలో పడ్డట్టే.

మొదటి రెండు వారాలు కొలతలు. పాత ఫోనులో కంపనాలు కొలిచే యాప్ వేసి, దాన్ని గుర్రం పొట్ట పట్టీకి కట్టి, రింగు చుట్టూ తిప్పాను. ఇంటికొచ్చి గ్రాఫులు గీశాను. మూడో చప్పుడు దగ్గర ప్రతిసారీ ఒక పొడవాటి శిఖరం. ఇసుకలో గిట్టల చప్పుడు మెత్తగా ఉంటుంది కాబట్టి గ్రాఫునే నమ్మకుండా, స్వారీ చేస్తూనే ఎడమకు కాస్త వంగి మూడో చప్పుడును చెవితో కూడా సరిచూసుకునేవాణ్ణి. కొలతలో నిర్లక్ష్యం నాకు పడదు.

ఈలోగా ఒక ఆదివారం పక్క మండపంలో పెళ్లి. మేము క్యాంటరులో ఉండగా బాజా మొదలైంది. గుర్రం ఠక్కున ఆగింది. తల పైకెత్తింది, వీపు లోపలికి గుంజింది, పగ్గాలను బిగలాగి, ఉన్నచోటనే కాళ్ళు మార్చి మార్చి ఎగరడం మొదలుపెట్టింది. అదే దాని పాత ఉద్యోగం. నేను పాట మొత్తం దాని మీద పెళ్లికొడుకులా కూర్చున్నాను. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు బైకులు ఆపి వీడియోలు తీశారు. మా బావమరిది కూడా తీశాడు. ఆ వీడియో మా ఆవిడకు చేరడానికి నేను ఇంటికి చేరడానికి పట్టినంత సమయం పట్టలేదు.

మూడో వారం ట్రయల్ వెయిట్. మా వృత్తిలో ఇది ప్రామాణిక పద్ధతి. దోషం ఎంతుందో కొలిచాక, తెలిసిన ఒక చిన్న బరువును ఒకచోట అంటించి మళ్ళీ నడిపిస్తాం. కంపనం ఎలా మారిందో చూస్తే అసలు బరువు ఎక్కడ, ఎంత పెట్టాలో లెక్కకు వస్తుంది. గుర్రం ఎడమకు వాలుతోంది కాబట్టి కుడివైపు పెట్టాలి. పాత ప్యాంటు కాళ్ళు కత్తిరించి ఇసుక సంచులు కుట్టడానికి కూర్చున్నాను.

"ఏటండీ అది?" అంది మా ఆవిడ.

"గుర్రానికి ట్రయల్ వెయిట్."

"మా తమ్ముడికి బుద్ధి లేదు, సరే. ఆ గుర్రానికైనా ఉంటాదని అనుకున్నాను," అని, సూది నా చేతిలోంచి లాక్కొని తనే కుట్టింది. కుట్లు దగ్గర దగ్గరగా, గట్టిగా వేసింది. వృత్తి గౌరవం ఎవరిది వాళ్ళది.

జీనుకు కుడివైపు రెండు కిలోల ఇసుక కట్టాను. గుర్రం నిజంగానే కొంచెం మెరుగుపడింది! గ్రాఫులో శిఖరం తగ్గింది. ఒక తప్పుడు సిద్ధాంతానికి దక్కగల మహాభాగ్యం ఇదే. మూడు కిలోలకు ఇంకొంచెం తగ్గింది. లెక్క ప్రకారం నాలుగుంపావు కిలోల దగ్గర దోషం దాదాపు సున్నా కావాలి. నోటుబుక్కులో ఆ సంఖ్య కింద రెండు గీతలు గీశాను. పెద్దాయన సంచుల వైపూ, నా వైపూ చూసి ఏదో అనబోయి, గుర్రం తోక దువ్వుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆయన తోక దువ్వడం ఆ నెలలో చాలా ఎక్కువైందని నాకు తర్వాత గుర్తొచ్చింది.

నాలుగుంపావు కిలోల ఉదయాన మొదటి అర రౌండు అద్భుతంగా నడిచింది. దాన్ని వినడానికి ఎడమకు వంగాను. రింగు తూర్పు మలుపులో గుర్రం ఒక్క అడుగు పక్కకు వేసింది. జీను కుడికి జారింది. దానితో పాటు సంచీ జారింది. సంచీని కాపాడబోయి దాన్ని గట్టిగా పట్టుకొని నేనూ జారాను. మా ఆవిడ కుట్లు నిలిచాయి. సంచీని జీనుకు కట్టిన తాడు తెగింది. కుడి పక్కకు, ఇసుక సంచీని కౌగలించుకొని, పడక మీద దిండుతో పడుకున్నట్టు పడ్డాను. ఒక చెవి నేలకు ఆనింది.

గుర్రం ఆగలేదు. నన్ను వదిలి ఎడమకే, అదే క్యాంటరులో సాగిపోయింది. నేల మీది చెవికి దాని గిట్టలు వినిపిస్తున్నాయి. ఒకటి, రెండు, మూడు, ఖాళీ. ఒకటి, రెండు, మూడు, ఖాళీ. మూడో చప్పుడు మిగతా రెండింటిలాగే పడుతోంది. భుజం వాలడం లేదు. రౌండు చిన్నది కావడం లేదు. వంకరగా ఉన్న జీనుతో, ఊగుతున్న ఒక రికాబుతో, ఆ గుర్రం నా చుట్టూ ఒకటిన్నర రౌండ్లు మచ్చలేకుండా తిరిగి, తనంతట తానే ఆగి, ఒళ్ళు దులుపుకుంది.

ఇక్కడ నా వృత్తి పరువు తీసే ఒక సంగతి రాయాలి. ఫ్యాను వణుకుతోందని ఎవరైనా పిలిస్తే మేము మొట్టమొదట చేసేది దాన్ని మోటారు నుంచి విడదీయడం. మధ్యలో ఉన్న కప్లింగు విప్పి, మోటారును ఒంటరిగా నడుపుతాం. దీన్నే సోలో రన్ అంటాం. మోటారు ఒంటరిగా హాయిగా తిరిగితే, దోషం దానికి తగిలించిన దానిలో ఉన్నట్టు. పది నిమిషాల పని. సోలో రన్ చేయకుండా బరువులు అంటించిన జూనియర్లను పది మంది ముందు తిట్టిన చరిత్ర నాది. ఒక కుర్రవాడు ఏడ్చాడు కూడా. అలాంటి నేను అయిదు వారాల పాటు ఈ గుర్రాన్ని ఒక్కసారి కూడా నేను ఎక్కకుండా తిప్పి చూడలేదు.

పెద్దాయన మొదట వెళ్ళి గుర్రాన్ని పట్టుకున్నాడు. దాని కాళ్ళు నాలుగూ తడిమి చూశాడు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"దెబ్బ తగిలిందా బాబూ?"

"గుర్రం బాగా పరిగెత్తింది," అన్నాను లేవకుండానే, గట్టిగా.

"మీరు దిగీసినారు గదా!"

"నీకు ముందే తెలుసా?"

"ఏటి?"

"తెలుసా అని! ముందే!"

"మొదటి రోజే తెల్సు బాబూ."

"మరి చెప్పలేదేం?"

ఆయన ఇబ్బందిగా ఇసుకను కాలితో చదును చేశాడు. "ఇంటల్లుడికి ఎవులు సెప్తారు బాబూ?"

నిజమే, ఎవరు చెబుతారు? మా వైపు ఇంటి అల్లుడికి వంక పెట్టడం ఇంటికి వంక పెట్టుకోవడంతో సమానం. అల్లుడు తిన్నది బాగుంటుంది, అన్నది బాగుంటుంది, కూర్చున్నది తిన్నగానే ఉంటుంది. అత్తవారింట ప్రతి శుభకార్యంలోనూ నేను పాట పాడే అలవాటు ఉంది. ఇన్నేళ్ళలో ఎవరూ ఆపలేదు, పైగా ఇంకోటి పాడమన్నారు. ఆ ఉదయం ఇసుకలో కూర్చొని ఆ పాటలన్నిటినీ ఒకటొకటిగా పునఃపరిశీలించవలసి వచ్చింది.

"ఇప్పుడు చెప్పు," అన్నాను. "అల్లుణ్ణని మరిచిపో."

ఆయన రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, గుర్రం మీద ఉన్నట్టు నిలబడ్డాడు. తల ఎడమకు వాల్చాడు. ఎడమ భుజం దించాడు. నడుము కుడికి తోశాడు. కళ్ళు సగం మూసి, నోరు కొంచెం తెరిచాడు. బేరింగుకు స్క్రూడ్రైవర్ ఆనించిన నన్ను నేను మొదటిసారి బయట నుంచి చూశాను. అంత అందమైన దృశ్యం కాదు.

"దాని సెవిలో ఏటో రగస్యం సెప్తన్నట్టు ఒంగిపోతారు బాబూ, పెతి రౌండుకీ. అది పడిపోడం నేదు. మీరు పడిపోతన్నారని అది మీ కిందకొచ్చి పట్టుకుంటంది. పాపం, అయిదు వారాల నుంచీ పట్టుకుంటానే ఉంది."

నేను గుర్రం వైపు చూశాను. అది జీను తీస్తారేమోనని చూస్తోంది.

ఇంటికెళ్ళి లెక్కలు తిరగేశాను. నాలుగుంపావు కిలోలు తప్పు కాదు. చాలా ఖచ్చితమైన సంఖ్య. ఎడమకు వంగినప్పుడు నేను గుర్రం మీద అదనంగా వేస్తున్న భారానికి అది సరిగ్గా సరిపోయింది. పని పద్ధతి ప్రకారమే జరిగింది; కొలవాల్సిన యంత్రాన్ని వదిలేసి దాని మీదున్నవాణ్ణి కొలిచాను, అంతే. నోటుబుక్కులో 'గుర్రం' అని ఉన్నచోటల్లా కొట్టేసి 'నేను' అని రాశాను. గ్రాఫులు మార్చే పని లేకపోయింది.

కారణం తెలిస్తే దోషం పోతుందనుకోవడం యంత్రాల దగ్గర నిజం. నా దగ్గర కాలేదు. మరుసటి వారం నిటారుగా కూర్చోవాలని గట్టిగా నిర్ణయించుకొని ఎక్కాను. క్యాంటరు మొదలైన మూడో అడుగుకే నా తల తనంతట తాను ఎడమకు పోయింది. పెద్దాయన మధ్యలో నిలబడి అరుస్తున్నాడు, నేను సర్దుకుంటున్నాను, మళ్ళీ పోతోంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు మెడలో గూడు కట్టుకొని ఉంది. లోపల చప్పుడు చేసే వస్తువు ఏదైనా నా కింద తిరుగుతుంటే వినకుండా ఉండడం నా శరీరానికి చేతకాదు.

"ఆ సెవులు పనిసేత్తన్నంత సేపూ మీరు ఇలగే ఉంటారు బాబూ," అన్నాడు ఆయన విసిగిపోయి. "నాకు ఇనపడవు గాబట్టే నాను సూత్తాను."

మరుసటి ఆదివారం వర్క్‌షాపు నుంచి ఒక అట్టపెట్టె తెచ్చాను. పెద్ద యంత్రాల మధ్య పనిచేసేటప్పుడు చెవుల్లో పెట్టుకునే నారింజ రంగు స్పాంజి బిరడాలు. నలిపి, రెండు చెవుల్లోకి తోసి, గుర్రం ఎక్కాను.

మొదట భయం వేసింది. ప్రపంచం మీద ఎవరో దుప్పటి కప్పినట్టుంది. క్యాంటరు మొదలైంది. చప్పుడు లేదు. మెడ ఎడమకు పోబోయి, అక్కడ వినడానికి ఏమీ లేకపోవడంతో వెనక్కి వచ్చింది. కొంతసేపటికి కూర్చునే ఎముకల కింద మూడు తోపులు, ఒక ఖాళీ తెలియడం మొదలైంది. వెనక కాలు నేలను తాకడం, ఆ బలం వీపు గుండా ముందుకు రావడం, భుజం లేవడం. ఇన్ని వారాలూ నేను చివరి చప్పుడును వెంటాడుతున్నాను. గుర్రం మోసేది మొదటి దానితో. గుర్రానికి ముందు కాళ్ళ మీదే ఎక్కువ బరువుంటుంది, మనిషి ఎక్కితే ఇంకా ఎక్కువవుతుంది. వెనక కాళ్ళు పొట్ట కిందకి బాగా చొచ్చుకొచ్చి ఆ బరువులో వాటా తీసుకుంటేనే తూకం కుదురుతుంది. పుస్తకాల్లో చదివిన ఈ వాక్యాన్ని నా పిరుదులు ఆ రోజు అర్థం చేసుకున్నాయి.

గురువుకు వినిపించదు. శిష్యుడికి వినిపించదు. ఊరేగింపు సైగలే మా భాష అయ్యాయి. అరచెయ్యి ఎత్తితే ఆగమని, ఫొటోగ్రాఫరు వచ్చాడన్నట్టు. వేళ్ళు గుండ్రంగా తిప్పితే సాగమని. రెండు చేతులూ కిందకి నొక్కితే నెమ్మదిగా, ముందు డాన్సు చేసేవాళ్ళు ఇంకా అవలేదన్నట్టు.

గుర్రంలోనూ సొంత దోషం కొంత ఉంది. నేను రాకముందు ఎడమకు తిప్పితే బావమరిదికి కనిపించిన తడబాటు అదే; నా పాపం కడిగినంత మాత్రాన అది పోలేదు. పెళ్లిళ్ళలో పగ్గాలు బిగించి పట్టేవారు కాబట్టి అది పగ్గాల మీద ఆనుకోవడం నేర్చుకుంది, అయిదో కాలు ఉన్నట్టు. ఆనుకున్నప్పుడల్లా నేను ఒక్క క్షణం పగ్గం వదిలేసేవాణ్ణి. బస్సులో పక్కవాడి భుజం మీద నిద్రపోయినవాడు ఆ పక్కవాడు దిగిపోతే ఉలిక్కిపడినట్టు ఉలిక్కిపడి, తన బరువు తాను తీసుకునేది. క్యాంటరు ఆరు అంగలకు మించనిచ్చేవాళ్ళం కాదు. అలిసి వాలకముందే ట్రాటులోకి దింపి, కుదురుకోనిచ్చి, మళ్ళీ ఆరు అంగలు. తర్వాత పది. రౌండు ఎంత పెద్దదైతే అంత మంచిదని రింగు అంచు వెంటే తిప్పాం. షెడ్డు వెనక కొండ వాలు మీద పైకి పరిగెత్తించాం. ఎగువకు పోతే వెనక కాళ్ళు సోమరితనం చేయలేవు. కొన్ని ఆదివారాలు అంతా వెనక్కి పోయేది. ఒకరోజు కుక్కను చూసి మొత్తం మరిచిపోయింది. ఇంకోరోజు మరిచిపోయినవాణ్ణి నేను.

బడులు తెరవడానికి ముందు ఆదివారం బావమరిది పరీక్ష పెట్టాడు. ఎడమకు మూడు రౌండ్లు. కంచె దగ్గర ఫోను భుజానికి ఇరికించుకొని నిలబడ్డాడు. పెద్దాయన రింగు మధ్యలో నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గుర్రం సామాను, దాని దువ్వెన, తన సంచీ షెడ్డు గుమ్మం దగ్గర సర్ది పెట్టి ఉండడం చూశాను. గుర్రం ఇక్కడ ఉండదని తేలితే ఆలస్యం చేయకుండా వెళ్ళేలా. చెవుల్లో బిరడాలు పెట్టుకొని ఎక్కాను.

మొదటి రౌండు శుభ్రంగా వచ్చింది. రెండో రౌండు సగంలో గుర్రం చెవులు రెండూ ఒక్కసారి మండపం వైపు తిరిగాయి. మెడ లేచింది. నా కింద వీపు గట్టిపడింది, అడుగు పొట్టిదైంది. కారణం నాకు తెలియలేదు. మళ్ళీ కుక్కేమో అనుకున్నాను. పెద్దాయన వైపు చూశాను. ఆయన ముఖంలో ఏమీ లేదు. వేళ్ళు గుండ్రంగా తిప్పుతున్నాడు. సాగు. సరే, ఊపిరి వదిలి, బరువుగా, తిన్నగా కూర్చున్నాను. లోపలి పగ్గం వదులు చేసి, కాళ్ళు దగ్గరికి తీశాను. ఒక అడుగు, ఇంకో అడుగు పాటు అది ఆలోచించింది. మెడ దిగింది. వీపు మళ్ళీ ఊగింది. మూడో రౌండు అంతా మొదటి తోపు లెక్కపెట్టుకుంటూ తిరిగాను. పెద్దాయన అరచెయ్యి ఎత్తాడు. ఆపాను.

చెవుల్లోంచి బిరడాలు తీశాను. డోళ్ళు, బాకాలు, తాషాలు, మైకులో ఎవరో బంధువుల్ని పిలుస్తున్న గొంతు, అన్నీ కలిసి నా నెత్తి మీద పడ్డాయి. మండపం గేటు ముందు ఒక పెళ్లి పూర్తి స్థాయిలో జరుగుతోంది.

బావమరిది నోరు తెరుచుకొని ఉంది. ఫోనులో ఎవరో "హలో, హలో" అంటున్నారు.

"బావా, ఈ బాజా ఎప్పటినుంచి?" అన్నాను.

"ఎప్పటినుంచేటి! రెండో రౌండు కాడినుంచీ! ఇంకేటుంది, డాన్సు కట్టీసిందీ, అయిపోనాం అనుకున్నాను! నువ్వేటి బావా, సెవిటోడిలాగ తిప్పీసినావు!"

పెద్దాయన మా ఇద్దరి ముఖాలు మార్చి మార్చి చూసి, "ఏటి? ఏటయినాది?" అని అరిచాడు.

"బాజా!" అన్నాడు బావమరిది మండపం వైపు చూపిస్తూ. "బాజా వాయిస్తన్నారు!"

"ఏ బాజా?" అన్నాడు ఆయన.

బావమరిది ఫోను కట్టేశాడు. అతను తనంతట తాను ఫోను కట్టేయడం నేను చూడడం అదే మొదలు. కంచె దాటి వచ్చి గుర్రం నుదురు తట్టి, పెద్దాయన చెవి దగ్గర నోరు పెట్టి, "ఇదెక్కడికీ ఎల్దు. నువ్వూ ఎల్లవు. ఆ సంచీ లోపలెట్టు," అన్నాడు.

పెద్దాయన తల ఊపాడు. సంచీ వైపు వెళ్ళలేదు. వంగి, భుజం మీది తువ్వాలుతో గుర్రం మోకాళ్ళు రెండూ తుడిచాడు. అక్కడ చెమట ఏమీ లేదు.

ఆ ఉత్సాహంలో బావమరిది తనూ ఎక్కుతానన్నాడు. యజమానిని ఎవరు కాదంటారు? ఎక్కించాం. ట్రాటు చాలన్నాను. రెండు రౌండ్లు బాగానే తిరిగాడు. మూడో రౌండుకు కుడి వైపుకు తిప్పాడు. గుర్రం కుడికి వాలడం మొదలుపెట్టింది. రౌండు చిన్నదైపోతోంది. చూస్తే ఏముంది, అతని కుడి భుజం చెవిని తాకేంత పైకి లేచి ఉంది, తల దాని మీదికి ఒరిగి ఉంది. ఫోను మాత్రం జేబులో ఉంది.

"బావా, ఇదిప్పుడు కుడి పక్కకి పడతంది!" అని అరిచాడు. "దీనికి ఇంకా ఏదో ఉంది!"

నేను పెద్దాయన వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. మెల్లగా వెళ్ళి పక్కనున్న బీచి గుర్రం తోక దువ్వడం మొదలుపెట్టాడు.

అల్లుడికి ఎవరూ చెప్పరు, యజమానికి ఎవరూ చెప్పరు. కానీ బావకు బావ చెప్పవచ్చు; ఆ సౌకర్యం మాకు పెళ్లితోనే వచ్చింది. నేను కంచె మీద మోచేతులు ఆనించి, మండపం బాజాను మించి వినిపించేలా అరిచాను.

"ఓరి బావా! గుర్రానికేటీ లేదు! ఫోను కట్టీసినావు గానీ, నీ భుజం ఇంకా మాటాడతంది!"

"ఏటన్నారు?" అన్నాడు పెద్దాయన, దువ్వెన ఆపి.

మాటలతో చెప్పలేదు. తల కుడి భుజం మీదికి వాల్చి చూపించాను. ఆయన ఒకసారి నన్ను చూసి, ఒకసారి రింగులోకి చూసి, బీచి గుర్రం వెనక్కి పోయి ముఖం దాచుకొని నవ్వాడు. చెవులు లేనివాడు కాబట్టి, తను ఎంత గట్టిగా నవ్వుతున్నాడో ఆయనకు తెలియదు. రింగులో గుర్రం మాత్రం ఒక చెవి వెనక్కి తిప్పి, ఓపికగా కుడికి జరుగుతూ, మా బావమరిదిని పడిపోకుండా పట్టుకుంటోంది.